గ్రోహోల్మ్ మంచు పని

రంపం పైకి లాగేటప్పుడు బలం పెట్టాలి. కిందికి దించేటప్పుడు దాని బరువుకే వదిలెయ్యాలి. ఇంత చిన్న సంగతి కొందరికి ఒక్క పూటలో పట్టుబడుతుంది, కొందరికి మూడు చలికాలాలైనా ఒంటబట్టదు. కార్పొరల్ ఈసాక్ బ్రూమన్ మొదటి రకం. రంపానికి అవతలి పిడి పట్టుకున్న అతని బావమరిది పెట్టెర్ దాలమన్ రెండో రకం.

"కిందికి తొయ్యకురా. చేపల్నేమన్నా నిద్ర లేపాలా అంత పొడుపు పొడుస్తున్నావు?"

"నా చేతులు ఎప్పుడో నిద్రపోయాయి బావా. చేపలైనా మేలుకుని ఉండనీ."

పక్క రంపం వాళ్ళు నవ్వారు. ఆరడుగుల రంపం కరకరమంటూ మంచులోకి దిగుతోంది. రెండు పక్కలా గీత కోశాక అడ్డంగా ఒక కోత, అంతటితో మంచుపలక విడివడి బరువుగా ఊగుతుంది. నలుగురు మనుషులు ఇనపమొనల వాసాలతో దాని అంచు నొక్కి పట్టి, కదలని మంచు కిందికి దూర్చేస్తారు. మిగిలిన పని ప్రవాహానిది. మళ్ళీ ఇంకో పలక.

స్వీడన్ రాజుగారి గ్రోహోల్మ్ కోట ఫిన్లండ్ తీరానికి ఎదురుగా సముద్రంలో ఒక రాతిదిబ్బ మీద ఉంది; అప్పట్లో ఫిన్లండ్ కూడా ఆయనదే. ఎండాకాలం దానికి నీళ్ళే కాపలా. చలికాలం సముద్రం నేలైపోతుంది, ఎవడైనా నడిచొచ్చి గోడ తట్టొచ్చు. అందుకే కోట చుట్టూ ముప్పై అడుగుల వెడల్పున మంచు కోసి నీళ్ళు తేల్చి ఉంచాలి. రాత్రికి అది మళ్ళీ పొర కడుతుంది, తెల్లారి మళ్ళీ కొయ్యాలి. ఫిబ్రవరిలో రష్యా సైన్యం వచ్చి మంచు మీద గుడారాలు వేసింది. ఇవాళ ఏప్రిల్ పదహారు. ఇన్నాళ్ళలో ఒక్క రోజు కూడా ఆ కందకం మూసుకోలేదు. మూడుసార్లు నిచ్చెనలు మోసుకొచ్చిన రష్యన్లు మూడుసార్లూ నీళ్ళ అంచున నిలబడి తిట్టుకుని వెళ్ళారు. కోటని కాపాడుతున్నవి గోడల మీది ఫిరంగులని ఆఫీసర్లు అనుకునేవారు. ఈసాక్ వాదించేవాడు కాదు, మీసం మెలేసుకునేవాడు.

తుపాకీ దూరంలో ఒక కొసాక్కు, అంటే రష్యా గుర్రపు సిపాయి, బూడిదరంగు గుర్రం మీద కూర్చుని రోజూ వీళ్ళ పని చూస్తుంటాడు. అతనికి వీళ్ళు మేస్త్రీ అని పేరు పెట్టారు.

"మేస్త్రీ ఇవాళ ఆలస్యంగా వచ్చాడు. కూలి కోసెయ్యాలి," అన్నాడు పెట్టెర్.

అప్పుడే కోట ద్వారంలోంచి కెప్టెన్ వాలెన్ వచ్చాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ జలుబుతోనే ఉంటాడు. మంచు మీద నడవడం ఇన్ని నెలలకీ రాలేదు, ప్రతి అడుగూ అనుమతి అడుగుతున్నట్టు వేస్తాడు.

"బ్రూమన్, కమాండెంట్ గారు రమ్మంటున్నారు."

"నన్నా? ఏం తప్పు చేశానండీ?"

"తప్పేం లేదు. నిన్నొక మాట అడగాలట."

కమాండెంట్ గదిలో పొయ్యి రాజుకుని ఉంది. ఈసాక్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మీసం మీది మంచు కరిగి గడ్డం మీదికి కారడం మొదలుపెట్టింది. అది తుడుచుకోవచ్చో కూడదో తెలియక అలాగే నిలబడ్డాడు. కమాండెంట్ తన చేత్తో కాఫీ పోసి ఇచ్చాడు. యుద్ధం మొదలయ్యాక ఈసాక్ కాఫీ వాసన కూడా చూడలేదు.

"ఈ తీరంలో మంచు సంగతి నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదంటున్నారు. మన ఓడలు రేవులోకి ఎప్పుడు రాగలవో చెప్పగలవా?"

"రెండు రోజులు టైమివ్వండి దొరా. చూసి చెబుతాను."

రెండు రోజులూ ఈసాక్ గొడ్డలి, పొడుగాటి ఇనపచువ్వ పట్టుకుని కోట వెనక సముద్రం వైపు తిరిగాడు. పదకొండు చోట్ల కన్నం పెట్టి మందం కొలిచాడు. పైన కరిగిన నీళ్ళు వేలితో తీసి ఉప్పు చూశాడు. మడమతో గట్టిగా తట్టి, వచ్చిన చప్పుడుని తల ఓ పక్కకి వాల్చి విన్నాడు. అతను పుట్టిన దీవుల్లో మంచు గురించి ఊరికే నోటికొచ్చింది చెప్పేవాడి పడవ ఎవరూ ఎక్కరు. వాడికి పిల్లనిచ్చేవాడూ ఉండడు. ఒకడు నోరుజారి చెప్పిన మాటకి ఇంకొకడు మునిగిపోతాడు మరి.

"ఎనిమిదో తారీకండి," అన్నాడు మూడో రోజు పొద్దున కమాండెంట్ ముందు నిలబడి. "మే ఎనిమిది. నైరుతి గాలి గట్టిగా పడితే ఆరు. ఆరో తారీకుకి ముందు మాత్రం ఏ ఓడా రావడం కుదరదు."

"అంత కచ్చితంగానా?"

"తప్పితే నా పేరు మార్చి పిలవండి దొరా."

కమాండెంట్ ఆ తారీకులు కాగితం మీద రాసుకున్నాడు. రాసి, ఛాతీలోంచి పెద్ద ఊపిరి వదిలాడు. తన మాట మీద అంత పెద్దమనిషికి అంత భరోసా కలిగిందని ఈసాక్ సంబరపడ్డాడు. వచ్చేటప్పుడు చేతిలో ఒక పొగాకు చుట్ట కూడా పెట్టారు.

గోడ కింద సిపాయిల కుటుంబాలు ఉండే వరసలో వాళ్ళది చివరి గది. అతని భార్య కైసా చిరిగిన తెరచాప గుడ్డతో చేతితొడుగులు కుడుతోంది. రంపం పట్టేవాళ్ళ చేతులకి వారానికో జత కావాలి. ఈసాక్ జరిగిందంతా చెప్పాడు, కాఫీ గురించి రెండుసార్లు చెప్పాడు.

"తారీకు తెలిస్తే వాళ్ళకేం ఉపయోగం?" అంది కైసా సూది ఆపకుండా.

"ఓడలొచ్చేదాకా రొట్టె సరిపెట్టుకోవద్దూ?"

"రొట్టె సంగతి చూసేది స్టోరు సార్జెంటు. ఆయన నిన్నేమన్నా అడిగాడా?"

"నీకు అన్నీ అనుమానాలే."

"అనుమానం కాదులే. అడుగుతున్నా, అంతే," అని దారం పళ్ళతో తెంపింది.

ఇరవయ్యో తారీకు పొద్దున డోలు మోగింది. మూడువందల మందీ లోపలి ఆవరణలో వరసగా నిలబడ్డారు. కెప్టెన్ వాలెన్ ముక్కు తుడుచుకుని కాగితం చదివాడు. రష్యా వాళ్ళతో ఒప్పందం కుదిరింది. ఇవాళ్టి నుంచి ఎవరూ ఎవరి మీదా కాల్పులు జరపరు. మే నాలుగో తారీకు మధ్యాహ్నం పన్నెండులోగా స్వీడన్ యుద్ధ ఓడలు అయిదు రేవులోకి వస్తే కోట మనది. రాకపోతే కోట తలుపులు తెరిచి అప్పగించాలి. ఆ మధ్యాహ్నం కోటలో ఉన్నవాళ్ళలో ఈ ఒడ్డున, అంటే ఫిన్లండ్ నేల మీద పుట్టినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోవచ్చు. ఆ ఒడ్డున, స్వీడన్‌లో పుట్టినవాళ్ళు ఖైదీలుగా రష్యాకి నడవాలి. ఆఫీసర్లు ఇక యుద్ధంలోకి దిగబోమని మాట ఇచ్చి, కత్తులతో సహా తమ తమ ఎస్టేట్లకి వెళ్ళొచ్చు. అప్పటిదాకా కోటవాళ్ళు రోజువారీ మంచు పని ఎప్పటిలాగే చేసుకోవచ్చు.

వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. "అయిదు ఓడలేగా, వస్తాయిలే" అన్నవాడు ఒకడు. "దేవుడి దయ, ప్రాణాలు దక్కాయి" అన్నవాడు ఇంకొకడు. ఈసాక్‌కి మాత్రం నాలుగో తారీకు అన్న ముక్క తర్వాత ఒక్క ముక్క వినబడలేదు. అతను చెప్పింది ఆరు. ఆరుకి ముందు రాలేవని మరీ నొక్కి చెప్పాడు. వాళ్ళు దానికి రెండు రోజులు ముందు మేకు కొట్టారు. ఓడిపోవడానికి కూడా దొరలకి ఒక మర్యాదైన తారీకు కావాలి. ఎదురుచూశాం, ఓడలు రాలేదు, మేమేం చెయ్యం అని రేపు రాజుగారికి రాసుకోవడానికి. ఆ తారీకు తన నోట్లోంచి లాగారు. పైగా కాఫీ పోసి మరీ లాగారు. ఒళ్ళంతా మండిపోయింది అతనికి.

పెట్టెర్ పుట్టింది దాలార్నాలో, ఆ ఒడ్డున. కైసా పుట్టిందీ అక్కడే, కానీ ఒప్పందంలో ఆడవాళ్ళ ఊసే లేదు. కోటలో ఆ ఒడ్డు వాళ్ళు అరవై ముగ్గురు. పాత యుద్ధాల్లో రష్యాలో ఖైదు నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు.

వరస విడిపోయాక ఈసాక్ బావమరిదిని పక్కకి తీసుకెళ్ళి అంతా చెప్పాడు.

"నా నోరే నీ కొంప ముంచిందిరా."

పెట్టెర్ చిన్నగా నవ్వాడు. "నువ్వు అయిదంటే మూడు పెట్టేవాళ్ళు బావా. మూడంటే ఒకటి. కోట ఇచ్చెయ్యాలనుకున్నవాడికి తారీకొక లెక్కా?"

"నేను ఇరవై అని చెప్పాల్సింది."

"నీకు అంత సొగసుగా అబద్ధం ఎక్కడొచ్చు? మొహం ఎర్రబడి దొరికిపోయుండేవాడివి."

ఆ మధ్యాహ్నం ఈసాక్ తిండి తినలేదు. ఒప్పందంలో ముక్కలు ఒక్కొక్కటే మనసులో తిప్పుకుంటూ గోడ మీద నిలబడి సముద్రం వైపు చూశాడు. బయటి దిబ్బ అవతల నల్లటి గీతలా మంచు లేని తెరిపి నీళ్ళు కనిపిస్తున్నాయి. రేవు నుంచి అక్కడికి పదిహేను వందల గజాలు. దానంతట అది కరగాలంటే ఆరో తారీకు. కోస్తే? కోస్తే ఆరో తారీకు దాకా ఎదురుచూడ్డం దేనికి?

అతను వాలెన్ దగ్గరికి వెళ్ళాడు.

"కెప్టెన్ గారూ, కాగితంలో మంచు పని ఎప్పటిలాగే అని ఉంది కదండీ. ఎంత వెడల్పని ఉందా?"

వాలెన్ కాగితం తీసి చూశాడు. "వెడల్పు రాయలేదు."

"ఎటువైపని?"

"అదీ రాయలేదు. ఎందుకు?"

"కందకం సముద్రం వైపు కాస్త ఇరుకుగా ఉంది. కొంచెం పెద్దది చేద్దామని."

"కొంచెం అంటే?"

"పదిహేను వందల గజాలు."

వాలెన్ చేతిరుమాలు తీశాడు, ముక్కు తుడుచుకున్నాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ మంచు పనిలో నేనెప్పుడన్నా వేలు పెట్టానా?" అన్నాడు.

మర్నాటి నుంచి ఇరవై రంపాలు సముద్రం వైపు తిరిగాయి. ఈసాక్ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, గజంబద్ద పెట్టి గీత గీశాడు, అంతే. గీత ఎటు పోతోందో చూసినవాళ్ళకి అర్థమైంది. మొదటి రోజు ఎనభై మంది వచ్చారు, రెండో రోజు నూట యాభై. ఈ ఒడ్డు వాళ్ళు, నాలుగో తారీకున హాయిగా ఇళ్ళకి పోవాల్సినవాళ్ళు కూడా వచ్చారు. ఫిరంగుల దగ్గర ఇక పనేం లేదు, చేతులు ముడుచుకుని కూర్చుంటే దిగులు తినేస్తుందని కొందరు వచ్చారు. రెండు నెలలు కాపాడిన కోటని కాఫీ తాగుతూ ఇచ్చేస్తారా అన్న కోపంతో ఎక్కువమంది వచ్చారు.

ఏప్రిల్ చివరి మంచు పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల పుల్లలు పుల్లలుగా విడిపోతుంది. రంపం తేలిగ్గా దిగుతుంది గానీ కాలి కింద నమ్మకం ఉండదు. ఈసాక్ అందరి నడుములకీ తాళ్ళు కట్టించాడు, మంచు మీద బల్లలు పరిపించాడు. రోజుకి నూట ఇరవై గజాలు. కోసిన దారిలోనే కోట పడవలు పెట్టి మనుషుల్నీ రంపాల్నీ చేరవేసేవారు. పొద్దున పడవల్లో పోవడం, సాయంత్రం పడవల్లో రావడం. మధ్యాహ్నం రై రొట్టె, ఉప్పు చేప, ఓ గుక్క సారా. గురువారం మాత్రం కైసా, మిగతా ఆడవాళ్ళూ బఠాణీ పులుసు కుండలు పడవలో తెచ్చేవారు.

మేస్త్రీ కొసాక్కు మొదటి రెండు రోజులు అనుమానంగా దగ్గరికొచ్చి చూశాడు. మూడో రోజు ఒక రష్యన్ ఆఫీసర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆఫీసరు అడిగాడు, వాలెన్ కాగితం చూపించాడు. కాగితంలో వెడల్పు లేదు. ఆఫీసరు దారిని చూశాడు, దూరంగా ఉన్న నల్లగీతని చూశాడు, భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. అంత దూరం వీళ్ళు కొయ్యలేరని అతని లెక్క. ఆ తర్వాత మేస్త్రీ రోజూ పడవలకి చెయ్యి ఊపేవాడు, వీళ్ళూ ఊపేవారు.

కమాండెంట్ ఒక్కసారి గోడ మీదికి వచ్చి చూశాడు. ఆపమని చెప్పలేదు. ఆపితే ఓడలు రాకూడదనుకున్నట్టు పదిమంది ముందూ ఒప్పుకున్నట్టే కదా. గోరు కొరుక్కుంటూ దిగిపోయాడని చూసినవాళ్ళు చెప్పారు.

ముప్పయ్యో తారీకుకి పన్నెండు వందల గజాలు అయ్యాయి. వసంతం వచ్చిందని మంటలు వేసే వాల్‌బోరి పండగనాడు కూడా రంపాలు ఆగలేదు. ఈసాక్ మొహం ఎండకీ గాలికీ కమిలిపోయింది, నోరు మాత్రం నవ్వుతూనే ఉంది. పడవలో నిలబడి అటూ ఇటూ అరుస్తూ, తిడుతూ, పాత పాటలు గొణుగుతూ తిరిగాడు. తన తప్పుని తన చేత్తోనే కోసి పారేస్తున్నాననిపించేది.

"ఓడలొచ్చాక కమాండెంట్ మొహం చూడాలి బావా," అన్నాడు పెట్టెర్.

"నువ్వు ముందు వాసం సరిగ్గా పట్టు. మొహాలు తర్వాత చూద్దాం."

మే రెండో తారీకు సాయంత్రం నాలుగింటికి చివరి పలక మంచు కిందికి దూరింది. ముప్పై అడుగుల నల్లటి నీటిదారి రేవు మెట్ల నుంచి బయటి సముద్రం దాకా తిన్నగా పరుచుకుంది. అంతకు ముందు రోజే తెరిపి నీళ్ళలో ఒక తెరచాప కనిపించింది. ఇప్పుడది దిబ్బ దగ్గరికి వచ్చి లంగరు వేసింది. ఒంటి తెరచాప చిన్న ఓడ, కబుర్లు మోసేది. ఈసాక్, పెట్టెర్, ఇంకో నలుగురూ పడవ వేసుకుని దాని పక్కకి వెళ్ళారు.

ఓడ నాయకుడు అంచు కడ్డీ మీంచి వంగి చూశాడు. గడ్డంలో పాతికేళ్ళ ఉప్పు పేరుకున్న మనిషి.

"ఈ దారి ఎవరు కోశారు?"

"మేమే. మిగతా ఓడలెక్కడ?"

"ఏ ఓడలు?"

"యుద్ధ ఓడలయ్యా. అయిదు రావాలి. ఎల్లుండి మధ్యాహ్నానికి."

నాయకుడు నోట్లో పొగాకు ఓ బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చాడు. "అయిదు కాదు, పదిహేనున్నాయి. అన్నీ స్వీడన్‌లో మన పెద్ద రేవులోనే ఉన్నాయి, మంచులో ఇరుక్కుని. ఈ ఏడు అక్కడ మంచు కరగడం మీకన్నా పదిరోజులు ఆలస్యం. నేను బయటి లంగరులో ఉన్నా కాబట్టి బతికి బయటపడ్డాను."

వాసం మీంచి నీటిబొట్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఈ తీరంలో ప్రతి జానెడు మంచూ ఈసాక్‌కి తెలుసు. ఏ రాయి పక్కన ముందు కరుగుతుందో, ఏ ప్రవాహం ఎక్కడ తొలిచేస్తుందో తెలుసు. ఓడలు బయలుదేరే రేవులో కూడా మంచుంటుందన్న సంగతి, పదమూడు రోజుల్లో ఒక్క నిమిషం కూడా బుర్రకి తట్టలేదు. దీవులవాళ్ళకి తమ సముద్రమే సముద్రం. కమాండెంట్‌కీ తట్టి ఉండదు, లేకపోతే తనని పిలిచి కాఫీ పోసేవాడే కాదు.

"అవతల కొయ్యడానికి మనుషుల్లేరా?" అన్నాడు పెట్టెర్ నెమ్మదిగా.

"మనుషులున్నారు. కొయ్యమని చెప్పేవాడే లేడు," అన్నాడు నాయకుడు.

పడవ వెనక్కి తిప్పారు. పదిహేను వందల గజాలు తెడ్లు వేసుకుంటూ రావడానికి అరగంట పట్టింది. అన్ని రోజులు పాటలు పాడిన మనుషులు ఆ అరగంటా తెడ్ల చప్పుడు వింటూ కూర్చున్నారు. సగం దూరంలో మేస్త్రీ చెయ్యి ఊపాడు. అలవాటుగా పెట్టెర్ కూడా ఊపాడు. కొసాక్కు గుర్రాన్ని అటు తిప్పుకుని పోయాడు, పడవలో ఎంతమంది ఉన్నారో, ఎటు పోతోందో చూడనైనా చూడలేదు.

ఈసాక్ తల తిప్పి ఆ గుర్రాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నీటిదారిని చూశాడు, ఇటు చివర, అటు చివర. రావడానికి కోసిన దారిలో పోవడానికి అభ్యంతరం ఏముంది?

గది తలుపు తీయగానే కైసా అతని మొహం చూసింది. అడగకుండానే అంతా చెప్పాడు. చివర, "పెట్టెర్‌ని ఆ చిన్న ఓడలో పంపించేద్దాం. ఆ ఒడ్డువాళ్ళందర్నీ," అన్నాడు.

"పారిపోతే ఉరి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పెట్టెర్. "నేను పారిపోను బావా. ఖైదీ అయితే ఎప్పుడో తిరిగొస్తాను. పారిపోయినవాడిగా మాత్రం మా ఊరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"పారిపొమ్మని ఎవరన్నారు? పని మీద వెళ్తావు."

ఆ రాత్రే మళ్ళీ పడవ వేసుకెళ్ళి నాలుగో తారీకు పొద్దుటిదాకా ఆగమని ఓడ నాయకుణ్ణి ఒప్పించి, మర్నాడు ఉదయం ఈసాక్ వాలెన్ గదికి వెళ్ళాడు. బల్ల మీద కోట తాళాలు చీటీలు కట్టి వరసగా పెట్టి ఉన్నాయి.

"రేపు పొద్దున బయటి దిబ్బ దగ్గర మంచు పనుందండీ. పడవలన్నీ కావాలి. మనుషుల జాబితా మీరు రాసి సంతకం పెడితే ఆర్డరు ఉన్నట్టవుతుంది. నాకు రాత రాదు."

వాలెన్ కలం సిరాలో ముంచాడు. "చెప్పు."

"పెట్టెర్ దాలమన్. లార్స్ హెడిన్. అండెర్స్ మూబెరి. ఊలోఫ్ స్టెన్‌మన్…"

కలం గీకుతూ పోయింది. పదో పేరు దగ్గర ఆగింది. వాలెన్ మొదటి నుంచి జాబితా మళ్ళీ చదువుకున్నాడు. తల ఎత్తలేదు. కిటికీ అవతల ఎవరో బకెట్ ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడు దగ్గరయి దూరమయింది. ఈ మనిషి ఇప్పుడు లేచి కమాండెంట్ దగ్గరికి వెళ్తే అరవై ముగ్గురి గతి ఇక్కడితో సరి. ఈసాక్ టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు, చూపు మాత్రం తిప్పుకోలేదు.

వాలెన్ కలం మళ్ళీ సిరాలో ముంచాడు. "పదకొండోది?"

అరవై రెండు పేర్లు అయ్యాయి. అరవై మూడోవాడు ముసలి ఫిరంగి మనిషి నీల్స్ కోర్క్, ఒక కాలు చెక్కది. అతన్ని ఈసాక్ ముందే అడిగాడు. "నా కాలు ఈ కోటలోనే పాతారు, దాన్నొదిలి ఎక్కడికొస్తాను? నా చోట్లో ఇంకో రెండు మూటలు పెట్టుకోండి," అన్నాడు ముసలాయన.

"నీ పేరు లేదు బ్రూమన్. పనికి నువ్వు ముందుండాలిగా," అన్నాడు వాలెన్.

"నేను ఈ ఒడ్డువాణ్ణండి. నా ఇల్లు ఇక్కడే."

వాలెన్ సంతకం పెట్టి ఇసక చల్లాడు. కాగితం అందిస్తూ, "ఆ రోజు నిన్ను కమాండెంట్ దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. ఎందుకో నాకు తెలుసు," అన్నాడు.

"తెలుసులెండి," అన్నాడు ఈసాక్. కోపం పోలేదు గానీ, ఆ కాగితం మాత్రం రెండు చేతులతో అందుకున్నాడు.

నాలుగో తారీకు పొద్దున ఆరింటికి రేవు మెట్ల దగ్గర ఏడు పడవలు. రంపాలు పైకి కనిపించేలా పెట్టారు, మూటలు కింద. వచ్చిన ఎండకి నీటిదారి అంచులు కరిగి టపటపమని విరిగి పడుతున్నాయి. ఈ ఒడ్డు వాళ్ళు వాసాలు పట్టుకుని దారి పొడుగునా నిలబడి, అడ్డం పడ్డ ముక్కల్ని పక్కకి నెడుతున్నారు. ఎప్పటిలాగే మంచు పని.

కైసా తమ్ముడి చేతిలో రొట్టెలమూట పెట్టింది.

"నువ్వూ రా అక్కా. నువ్వు పుట్టిందీ అక్కడేగా. అమ్మ ఉంది."

"ఆడవాళ్ళని ఎక్కడ పుట్టారని వీళ్ళూ అడగలేదు, వాళ్ళూ అడగలేదు. అడగనప్పుడు నాకిష్టమైన చోట ఉంటాను. అమ్మకి చెప్పు, బాగున్నానని. నిజంగానే చెప్పు, ఏడుపు మొహం పెట్టకు."

పెట్టెర్ బావ వైపు తిరిగాడు. ఈసాక్ అతని మెడ చుట్టూ చెయ్యేసి గట్టిగా ఒక్కసారి దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. తర్వాత తనే పడవని కాలితో తోశాడు.

పడవలు వరసగా పోయాయి. మేస్త్రీ చెయ్యి ఊపాడు. అరవై ఇద్దరూ చేతులు ఊపారు. ఎనిమిదింటికల్లా చిన్న ఓడ తెరచాప ఎత్తింది, తొమ్మిదింటికి దిబ్బ వెనక్కి తిరిగింది, పదింటికి ఇక కనపడలేదు. ఖాళీ పడవల్ని ఈ ఒడ్డు వాళ్ళు తాళ్ళతో వెనక్కి లాక్కొచ్చి ఎప్పటి చోట కట్టేశారు.

మధ్యాహ్నం పన్నెండుకి డోలు మోగింది. జెండా దించారు. తలుపులు తెరిచారు. రష్యన్ మేజర్ ఒకడు శుభ్రమైన చేతితొడుగులతో లోపలికి వచ్చాడు, అతని వెనక అరవై ముగ్గురు ఖైదీలని నడిపించడానికి వంద మంది సిపాయిలు. కమాండెంట్ తన కత్తి ఇచ్చాడు, మేజర్ మర్యాదగా తిరిగిచ్చేశాడు. అంతా కాగితంలో ఉన్నట్టే జరిగింది.

"ఆ ఒడ్డున పుట్టినవాళ్ళు ముందుకి రండి," అన్నాడు మేజర్ స్వీడిష్‌లో, ఒక్కో మాటా ఏరుకుంటూ.

రాళ్ళ మీద చెక్కకాలు టక్కుటక్కుమంది. నీల్స్ కోర్క్ ఒక్కడే వచ్చి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

మేజర్ చేతిలో పట్టీ చూసుకున్నాడు. ముసలాయన్ని చూశాడు. "మిగతా అరవై ఇద్దరు?"

కమాండెంట్ వాలెన్ వైపు చూశాడు. వాలెన్ చేతిరుమాలు తీశాడు.

"మంచు పనికి వెళ్ళారు," అన్నాడు.

"ఎప్పుడు వస్తారు?"

వాలెన్ గొంతు సవరించుకుంటున్నాడు. ఈసాక్ వరసలోంచి ఒక అడుగు ముందుకి వేశాడు. ఎవరూ పిలవలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, కమాండెంట్‌కి కూడా వినబడేలా, తొందరపడకుండా చెప్పాడు.

"రారండి. కోట మీ చేతికొస్తుందని రాసుకున్నది ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి. వాళ్ళు ఆరింటికే వెళ్ళిపోయారు."

మేజర్ ఒప్పందం తెరిచి, ‘ఆ మధ్యాహ్నం కోటలో ఉన్నవాళ్ళలో’ అన్న ముక్క దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. కమాండెంట్ తన బూట్లు చూసుకుంటూ ఉండిపోయాడు.